బరంపురంలో తెలుగు రాతతో ఫొటో ఫ్రేము కట్టించాలంటే

గిరి రోడ్డు పక్క సందులో మేడమీద ఫ్రేములు కట్టే షాపు ఒకటుంది, మొన్న అక్కడ వి.వి.గిరి గారి ఫొటో కట్టించేను. మా తాతగారు బి.ఎన్.ఆర్., అంటే బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఫిట్టరు, ఆయనకి యూనియన్ అంటే గిరిగారే, అప్పట్నించీ ఆ ఫొటో మా ముందు గదిలో ఉండేది, ఈ వానాకాలం గోడ చెమ్మకి బూజు పట్టి పాడైపోయింది.

ముందు వేరే చోట ఇచ్చేను, పేరెందుకులెండి. ఫొటో కింద వేసిన తెలుగు రాతలో వత్తులన్నీ విడిపోయి రాష్ట్రపతి అన్న మాటే చదవడానికి లేదు, పైగా ఆయన పుట్టింది మద్రాసని వేసేరు. 1894లో ఈ ఊళ్లో పుట్టిన మనిషికి ఈ ఊళ్లోనే అలా రాస్తే ప్రాణం ఉసూరుమంది.

ఈ షాపులో డీటీపీ చేసే అమ్మాయి ఒడియా పిల్ల, తెలుగు చక్కగా చదువుతుంది. గిరిగారి ఇల్లు ఇప్పుడు గాళ్స్ హైస్కూలు కదా, అక్కడే చదువుకుందిట. "అంకుల్, రాష్ట్రపతి అని వేస్తే చాలదా" అంది. చాలదమ్మా అని మొత్తం చెప్పేను, 1913లో డబ్లిన్ వెళ్లి లా చదవడం, 1916లో అక్కడ తిరుగుబాటు అయ్యాక ఆయన్ని దేశం నించి పంపించేస్తే తిరిగొచ్చి ప్లీడరీ పెట్టడం, తర్వాత రైల్వే కార్మికుల వెనక నిలబడ్డం, 1937 ఎలక్షన్లలో బొబ్బిలి రాజాగారి మీదే గెలిచి రాజాజీ మంత్రివర్గంలో లేబర్ మంత్రి అవడం. 1947 నించి 1951 దాకా సిలోన్‌లో మన హైకమిషనర్, సరిగ్గా అప్పుడే, 1948లో, అక్కడి తేయాకు తోటల్లో మనవాళ్ల పౌరసత్వం మీద దెబ్బ పడింది, కూలీల కష్టం తెలిసిన మనిషి అలాంటి టైములో అక్కడుండడం మాటలా!

చోటు చాలటం లేదు, 1954 లైను తీసేద్దామా అని అడిగింది. అది మాత్రం వద్దన్నాను. పాతపట్నం నించి 1952లో గెలిచి కేంద్రంలో లేబర్ మంత్రి అయ్యేరు, బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం మార్చేస్తే 1954లో పదవి వదిలేసి వచ్చేసేరు, నాకు ఆయనలో అన్నిటికంటే ఇష్టమైంది అదే. 1969లో ఇండిపెండెంటుగా రాష్ట్రపతి అవడం అందరికీ తెలుసు, ఇది ఎవరికీ గుర్తులేదు. పాపం ఫాంటు తగ్గించి మరీ సర్దింది.

ప్రూఫు వాట్సాప్‌లో పంపుతారు, నేను నాలుగుసార్లు మార్పించినా విసుక్కోలేదు, ఒక్క వత్తు కూడా తప్పు పోలేదు. టేకు బీడింగు, అద్దం అన్నీ కలిపి 1400 తీసుకున్నారు. రెండ్రోజులన్నది ఐదు రోజులైంది, వెనక హుక్కు లూజుగా ఉంటే మళ్లీ తీసికెళ్లాల్సొచ్చింది, డబ్బులడక్కుండా మార్చేరు. బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లడం మంచిది.

నాన్నగారికి చూపు తగ్గింది, కింద లైన్లు నాచేత రెండుసార్లు చదివించుకున్నారు. ఖరగ్‌పూర్‌లో బాబాయికీ ఒకటి కట్టించమన్నారు, రేపు మళ్లీ వెళ్తున్నా.