పొందూరు ఖద్దరుకు మట్టి బొత్తాలు: విజయనగరంలో ఒక చిన్న కార్ఖానా

పొందూరు ఖద్దరుతో లాల్చీలు, జాకెట్లు కుట్టడం ఇరవై ఏళ్లుగా నా వృత్తి. చేత్తో వడికి, చేత్తో నేసిన అంత సన్నని బట్ట మీద ప్లాస్టిక్ బొత్తాం కుట్టవలసి వచ్చినప్పుడల్లా నా మనసు ఒప్పుకునేది కాదు. గుడ్డ చుట్టిన బొత్తాలు నాలుగు ఉతుకులకే పీచు లేస్తాయి. అందుకే విజయనగరం కోటకు దగ్గరలోని ఒక వీధిలో భార్యాభర్తలిద్దరు ఉబ్బెత్తు బొమ్మలతో మట్టి బొత్తాలు, లాకెట్లు, జూకాలు చేస్తున్నారని తెలియగానే వెతుక్కుంటూ వెళ్లాను. ఇంటి ముందు బోర్డు ఉండదు. అరుగు మీద ఆరబెట్టిన బిళ్లలే గుర్తు. ఇప్పటికి మూడుసార్లు అక్కడ సరుకు తీసుకున్నాను, వాటిని కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి చూశాను కనుక ధైర్యంగా రాయగలుగుతున్నాను.

ఈ పనిలో బొమ్మను బొత్తాం మీద చెక్కరు, అచ్చులో తిరగేసి చెక్కుతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్లలో ఆయన ఎంత లోతుగా తవ్వితే బొమ్మ అంత పైకి లేస్తుంది. కుడివైపు చూడవలసిన చేప అచ్చులో ఎడమవైపు చూస్తూ ఉంటుంది. మెత్తని మట్టి ఉండను బొటనవేలితో ఆ గుంటలోకి అదిమి, వెనుకభాగాన్ని చదును చేసి కాసేపు వదిలేస్తే, ప్లాస్టర్ తడిని పీల్చుకోవడం వల్ల మట్టి కొద్దిగా ముడుచుకుని తనంత తానే అచ్చును వదులుతుంది. గుంట అడుగున వెడల్పు, పైన ఇరుకు అయితే మట్టి అక్కడే పట్టుకుని బొమ్మ విరుగుతుంది కాబట్టి, ఆయన ప్రతి గీతనూ అడుగున సన్నగా, పైన విశాలంగా తీస్తారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ నీలి మట్టి మీద తెల్లని ఉబ్బెత్తు బొమ్మలు అతికించిన పాత్రలకు పేరు పొందాడు, ఆ తరహాలోనే బొత్తాలకూ నగలకూ బిళ్లలు చేయించాడు. అక్కడ బొమ్మను విడిగా తీసి అతికించేవారు. ఇక్కడ బొమ్మా బొత్తామూ ఒకే ముద్దగా వస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చినది సూర్యబింబం బొత్తాం. అరసవల్లి దేవుణ్ణి తలచుకుని గీసినదేమో గాని, ముఖం లేకుండా చుట్టూ పదహారు కిరణాలు మాత్రమే పెట్టారు. ఎర్రమట్టి మీద తేనెరంగు గ్లేజు, అంటే కాల్చినప్పుడు గాజులా కరిగే పూత, పూశారు. బట్టీలో కరిగిన ఆ గ్లేజు కిరణాల శిఖరాల మీద పలచబడి మట్టిరంగును చూపిస్తుంది, కిరణాల మధ్య పల్లాల్లో నిలిచి బెల్లంపాకంలా చిక్కబడుతుంది. రంగు ఒక్కటే అయినా నాలుగు అడుగుల దూరం నుంచి బొమ్మ స్పష్టంగా తెలుస్తుందంటే కారణం ఇదే. అదే కార్ఖానాలో ముదురు నీలం గ్లేజు వేసిన బొత్తాలు కూడా ఉన్నాయి, కాని ఆ పూత మందంగా ఉండి బొమ్మను కప్పేస్తుంది. ఉబ్బెత్తు పని కోసం వెళ్లేవారు వాటిని తీసుకోవద్దని నా సలహా.

మొదటిసారి తెచ్చిన 24 బొత్తాలతో నాకు ఇబ్బంది కలిగింది. మా వృత్తిలో బొత్తాం అడ్డకొలతను లైన్లలో చెబుతాం, 40 లైన్లు ఒక అంగుళం. నేను 24 లైన్ల బొత్తాం, అంటే సుమారు 15 మిల్లీమీటర్లది అడిగాను. వచ్చినవి 14 మిల్లీమీటర్లు కూడా లేవు. అప్పటికే కాజాలు కుట్టి ఉంచిన లాల్చీల మీద అవి నిలవక జారిపోయాయి. పైగా నాలుగింటికి రంధ్రాలలో గ్లేజు నిండి సూది దూరలేదు, ఒకదాని రంధ్రం అంచు పదునుగా ఉండి వారం తిరగకుండానే దారం కోసేసింది. వెనక్కి తీసుకువెళ్లి చూపిస్తే ఆమె ఒక్క మాట కూడా వాదించలేదు. "ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు ఇంకొంత ముడుచుకుపోద్దక్కా, మేం లెక్క తప్పినాం" అని చెప్పి, అంతా కలిపి పదిశాతం తగ్గే ఆ మట్టితో 15 మిల్లీమీటర్లు రావాలంటే పచ్చి బిళ్ల దాదాపు 16.7 ఉండాలని నా ఎదుటే కాగితం మీద లెక్క కట్టి చూపించారు. కొత్త అచ్చు తీసి, రంధ్రాలను పెద్దవి చేసి, బిళ్ల సగం ఆరినప్పుడు తడి స్పాంజితో వాటి అంచులు నున్నగా చేసి, మళ్లీ 24 బొత్తాలు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. తరువాతి రెండుసార్లు కొలతలో తేడా అర మిల్లీమీటరు దాటలేదు.

బొత్తాం వెనుకవైపు గ్లేజు లేదని కొందరు కొనుగోలుదారులు పెదవి విరవడం చూశాను. అది లోపం కాదు. కరిగిన గ్లేజు గాజులాంటిది కనుక, వెనుక కూడా పూస్తే బొత్తాం బట్టీ పలకకు అతుక్కుపోతుంది. ఆ గరుకు వీపు వల్ల బొత్తాం బట్ట మీద తిరిగిపోకుండా నిలుస్తుంది కూడా.

కుట్టేవారు ఒకటి గమనించాలి. ఈ బొత్తాలు ప్లాస్టిక్ వాటికన్నా మందం, అందువల్ల బట్టకు బిగించి కుడితే కాజాలో ఇమడవు. నేను బొత్తాం మీద ఒక అగ్గిపుల్ల అడ్డంగా పెట్టి దాని మీదుగా దారం తీస్తాను. చివర పుల్ల లాగేసి, వదులైన దారానికి కింద నాలుగు చుట్లు చుడితే చిన్న మెడ ఏర్పడుతుంది. ఉతుకులో బండకేసి బాదకూడదు. ఖద్దరుకు గంజి పెట్టేవారికి మరో జాగ్రత్త: గంజి బొమ్మ పల్లాల్లో చేరి తెల్లగా ఎండిపోతుంది. ఆరకముందే మెత్తని పళ్ల బ్రష్షుతో ఒక్కసారి రుద్దితే పోతుంది.

నగల విషయంలో నా అభిప్రాయం రెండు తీరుల ఉంది. జీడిమామిడి పండు, దాని కింద గింజ ఉబ్బెత్తుగా ఉన్న లాకెట్ మా ప్రాంతపు గుర్తుగా ఎవరికైనా బహుమతిగా ఇవ్వదగినది. 250 రూపాయలకు ఆ పనితనం ఎక్కువ ధర కాదు. జూకాలు మాత్రం బరువు. మా అమ్మాయి పెళ్లికి పెట్టుకుని వెళ్లి, భోజనాలవేళకే తీసి చేతిసంచిలో వేసుకుంది. లోపలి మట్టిని ఇంకా పలచగా తీయమని కార్ఖానా ఆమెతో చెప్పాను, అలా తీస్తే కాలేటప్పుడు వంకర పోతున్నాయని అన్నారు. గ్లేజు లేని పూసలదండలు చెమట పీల్చుకుని మెడ దగ్గర నల్లబడతాయి, కనుక మన ఎండలకు గ్లేజు వేసినవే తీసుకోవడం మంచిది. గ్లేజులో సీసం కలపరని వారు చెప్పారు. పసిపిల్లల చొక్కాలకు బొత్తాలు కొనేవారు ఆ మాట ఎక్కడైనా అడిగే కొనాలి.

బొత్తాం ఒకటి 35 రూపాయలు. నాలుగు బొత్తాల లాల్చీకి 140 రూపాయలు అదనం అవుతుందని ముందే చెబితే, ఖద్దరు కట్టేవారిలో కాదన్నవారు నాకు ఇంతవరకు ఒక్కరే. పన్నెండుకు తక్కువగా కొత్త బొమ్మ చేయరు, సొంత బొమ్మకు అచ్చు ఖర్చు వేరుగా తీసుకుంటారు. ఎండాకాలంలో పది రోజుల్లో సరుకు చేతికి వస్తుంది. ముసురు పట్టినప్పుడు బిళ్లలు ఆరవు, తడి మిగిలినవాటిని బట్టీలో పెడితే ఆవిరి పట్టి పగులుతాయి కనుక, వారు తొందరపడరు, మనం తొందరపెట్టకూడదు. దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కొత్తబట్టలు కుట్టించుకునేవారి కోసం ఈసారి 60 సూర్యబింబాలు ఆషాఢంలోనే చెప్పి, కొలత తప్పకుండా కాజా కుట్టిన ఒక గుడ్డముక్క కూడా ఇచ్చి వచ్చాను.