పాత కారును ఓడెక్కించే సేవలు: రోరో, ఉమ్మడి కంటైనర్, సొంత కంటైనర్లలో ఏది ఏ కారుకు?

విదేశంలో కొన్న క్లాసిక్ కారును తెచ్చిపెట్టే సంస్థలు చాలానే ఉన్నాయి. ఏ కొటేషన్ చూసినా పెద్ద అక్షరాల్లో కనిపించేది ఓడ కిరాయే. కారుకు దెబ్బ తగిలేది మాత్రం చిన్న పనుల దగ్గర: స్ట్రాపు దేనికి తగిలించారు, తేమ పీల్చే సంచి ఎక్కడ వేలాడదీశారు, ఓడ సంస్థ ఇచ్చే సరుకు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఛాసిస్ నంబరు ఎలా రాశారు. అందుకే ఇక్కడ సంస్థల పేర్ల జోలికి పోకుండా, అవి అమ్మే మూడు రకాల సేవలను ఈ పనులను బట్టి చూస్తున్నాం.

రోరో అంటే కారును నడుపుకుంటూ ఓడలోకి ఎక్కించి, అవతలి రేవులో నడుపుకుంటూ దించడం. మూడింటిలో సాధారణంగా ఇదే చవక. కారు సొంతంగా స్టార్ట్ కావాలి, స్టీరింగు తిరగాలి, బ్రేకు పడాలి. డెక్కులు మూసి ఉంటాయి కాబట్టి సముద్రపు జల్లు భయం లేదు. దీని బలహీనత చేతులు మారడం. యార్డులో ఒకరు, ఓడ ఎక్కించేది ఇంకొకరు, దించేది మరొకరు. చోక్ లాగితే తప్ప అందుకోని కార్బ్యురేటర్ ఇంజను, మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేని గేర్‌బాక్సు, స్టీరింగు పక్కన గేరు రాడ్డు ఉన్న బండ్లు వాళ్లకు రోజూ తగిలేవి కావు. ర్యాంపు మీద క్లచ్ కాలేది అక్కడే. స్టార్ట్ చేసే క్రమం, రివర్స్ గేరు ఎటువైపో, బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఎక్కడుందో రాసిన కార్డును రెండు రేవుల భాషల్లోనూ అద్దానికి అంటించే సంస్థ అయితే పని తెలిసినదని నమ్మొచ్చు. తాళంచెవి కారులోనే ఉంటుంది గనక రేడియో, గేరు నాబ్, హబ్ క్యాపులు ముందే విప్పి వేరుగా పంపుకోవాలి; కారులో విడిభాగాలు పెట్టి పంపడానికి రోరోలో సాధారణంగా ఒప్పుకోరు. గట్టి పైకప్పు ఉండి, నమ్మకంగా నడిచే 1970, 80ల నాటి సెడాన్‌కు రోరో చక్కగా సరిపోతుంది. గుడ్డ టాపున్న కారుకు, నేలకు బాగా దగ్గరగా ఉండే స్పోర్ట్స్ కారుకు, నడవని బండికి వద్దు.

ఉమ్మడి కంటైనర్‌లో 40 అడుగుల హైక్యూబ్ (మామూలుకన్నా ఎత్తైన) పెట్టెలో రెండు కార్లను కింద, మిగతావాటిని ఏటవాలు ర్యాకుల మీద పైన సర్దుతారు. ధరకు, భద్రతకు మధ్యస్థంగా అమ్ముతారు గానీ క్లాసిక్ కార్లకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది: పాత బండ్లు కారుతాయి. ఇంజనాయిలు కారితే తుడుచుకోవచ్చు. పై కారు నుంచి బ్రేక్ ఫ్లూయిడ్ చుక్కలుగా కింది కారు బానెట్ మీద పడితే పెయింటు లేచిపోతుంది. ప్రతి పై కారు కింద ట్రే పెడతారా, ర్యాకు చెక్కతో అక్కడికక్కడ కొట్టిందా లేక ఉక్కుతో చేసిందా అని అడగండి. పాత లోడింగుల ఫొటోలు చూపించమంటే వెనకాడే వాళ్లను వదిలేయండి. రెండో ఇబ్బంది కాలయాపన. పెట్టె నిండేదాకా కారు గోదాములో కూర్చుంటుంది. మిగతా కార్లలో ఒకదాని కాగితాలు తేడా వచ్చినా మీ కారు కూడా ఆగిపోవచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా చెప్పాల్సిన సంగతి, చాలా తక్కువ కిరాయి చూపించే కొటేషన్లలో దిగుమతి రేవు ఖర్చులు ఉండవు. టెర్మినల్ హ్యాండ్లింగు, పెట్టె విప్పే కూలీ, గోదాము అద్దె, పత్రాల రుసుము అన్నీ అక్కడ వేరే ఏజెంటు బిల్లుగా వస్తాయి. అప్పటికి కారు వాళ్ల చేతుల్లో ఉంటుంది, బేరమాడే దారి ఉండదు. ఆ రుసుముల పట్టిక బుకింగుకు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక సొంత కంటైనర్. విలువైన కారుకైనా, నడవని కారుకైనా మా ఓటు దీనికే. 20 అడుగుల పెట్టె లోపలి పొడవు 5.9 మీటర్లు, వెడల్పు 2.35, తలుపు వెడల్పు 2.34, ఎత్తు 2.28 మీటర్లు. మొదటి సిరీస్ జాగ్వార్ ఈ-టైప్ పొడవు 4.45 మీటర్లు, వెడల్పు 1.66. ఒక గోడకు దగ్గరగా నిలిపితే డ్రైవరు తలుపు తీసుకుని దిగడానికి చోటు మిగులుతుంది, విడిభాగాల పెట్టెలు కూడా పడతాయి. 1959 కాడిలాక్ డివిల్ అయితే 5.7 మీటర్ల పైనే, వెడల్పు రెండు మీటర్లు దాటుతుంది. కాగితం మీద 20 అడుగుల పెట్టెలో పట్టినట్టే ఉంటుంది. అటూ ఇటూ సుమారు పదిహేను సెంటీమీటర్లే మిగులుతాయి కాబట్టి మనిషి దిగేంతగా తలుపు తెరుచుకోదు. ముందూ వెనకా స్ట్రాపు సరైన కోణంలో లాగే జాగా ఉండదు. అలాంటి కారుకు 40 అడుగుల పెట్టే తీసుకోవాలి. కొలతలు అడగకుండానే ధర చెప్పేసే సంస్థ ఈ లెక్క వేయలేదని అర్థం.

లాషింగు, అంటే కారును స్ట్రాపులతో కట్టే పని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే కారుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం చేతులారా చేసుకునేది ఇక్కడే. సరుకు రవాణా పెట్టెలు సర్దడానికి అంతర్జాతీయ సముద్ర సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం కలిసి 2014లో తెచ్చిన సీటీయూ కోడ్ ప్రకారం, పెద్ద అలలుండే సముద్రంలో పక్కవాటుకు 0.8 జీ, పొడవువాటుకు 0.4 జీ త్వరణానికి (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) సిద్ధపడాలి. 1,300 కిలోల కారు మీద పక్కకు లాగే బలం వెయ్యి కిలోలు దాటుతుందన్న మాట. అయినా చాలాచోట్ల స్ట్రాపులను ముందుకూ వెనక్కూ మాత్రమే లాగి కడతారు. ఓడ ఊగేది పక్కలకు. అందుకే స్ట్రాపులు అడ్డంగా ఒకదాన్నొకటి దాటేలా కట్టాలి, చక్రాల లోపలివైపు కూడా చెక్క దిమ్మలు కొట్టాలి. పెట్టె నేలమీది ఒక్కో రింగు సాధారణంగా ఒక టన్నుకే చేసినది. రెండు స్ట్రాపులను ఒకే రింగుకు తగిలిస్తే ఆ లెక్క తప్పుతుంది.

స్ట్రాపు పట్టుకోవాల్సింది టైరును. ట్రెడ్ మీదుగా చుట్టే మూడు బిందువుల చక్రపు స్ట్రాపు వేస్తే సస్పెన్షన్ స్వేచ్ఛగా ఆడుతుంది, చక్రం కదలదు. బాడీని కిందికి లాగి బిగిస్తే స్ప్రింగు కుదించుకున్న ప్రతిసారీ స్ట్రాపు వదులవుతుంది, తిరిగి లేచినప్పుడు ఝాడించి లాగుతుంది. నెల రోజుల ప్రయాణంలో అది వేలసార్లు. బంపరు, యాంటీరోల్ బారు, స్టీరింగు టై రాడ్డు, బ్రేకు పైపుల దగ్గరికి కొక్కెం వెళ్లకూడదు. వైరు స్పోకుల చక్రాల మధ్య నుంచి స్ట్రాపు దూర్చడం కూడా తప్పే, స్పోకులు వంగుతాయి. హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేస్తే తేమకు షూలు డ్రమ్ములకు పట్టేస్తాయి. గేరులో పెట్టి, దిమ్మలు కొట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఉంచడం మేలు. దిమ్మల చెక్కకు పురుగు లేకుండా శుద్ధి చేసినట్టు చూపే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి. అది లేని చెక్కను మొక్కల క్వారంటైన్ వాళ్లు చాలా రేవుల్లో ఆపేస్తారు.

పెట్రోలు విషయంలో తేడాలకు తావులేదు. కారు ఐరాస ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 3166 సంఖ్యతో, తొమ్మిదో తరగతి కిందికి వస్తుంది. ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు ఉండకూడదు, బ్యాటరీ తీగలు షార్టు కాకుండా విప్పి కప్పాలి. 2016 జూలై నుంచి నింపిన పెట్టె తూకాన్ని కూడా ధ్రువీకరించి ఇవ్వాలి. చలి దేశాల మీదుగా వచ్చే కారుకు రేడియేటర్‌లో ఒట్టి నీళ్లుంటే గడ్డకట్టి బ్లాకు పగులుతుంది. యాంటీఫ్రీజ్ బలం కొలిచారా అని లోడింగు ముందు అడగాల్సింది మనమే, చాలా సంస్థల చెక్‌లిస్టులో ఈ వరుసే ఉండదు.

పగలు వేడెక్కి రాత్రి చల్లబడే ఉక్కు పెట్టెలో కప్పునుంచి నీటి చుక్కలు రాలతాయి. దానికి కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడదీస్తారు. మంచి పనే, కాకపోతే ఆ సంచి పీల్చిన తేమ గాఢమైన ఉప్పునీరుగా అడుగున చేరుతుంది. సంచి చిరిగితే అది క్రోమును తినేస్తుంది. కారు పైన కాకుండా మూలల్లో గోడలకు కట్టాలి. ప్లాస్టిక్ కవరు అసలు వద్దు, గుడ్డ కవరు కూడా ఊగినకొద్దీ పెయింటును రాపిడి చేస్తుంది. గుడ్డ టాపు పైకి లేపి ఉంచాలి. మడిచి పెడితే మడతల్లో బూజు పడుతుంది.

కాగితాల పనిలో సంస్థల మధ్య తేడా నిజంగా బయటపడుతుంది. 17 అక్షరాల గుర్తింపు సంఖ్య 1981 నుంచి స్థిరపడింది. అంతకు ముందు కార్లకు పొట్టి ఛాసిస్ నంబర్లే. అమెరికాలో చాలా రాష్ట్రాలు 1950ల నడిమి దాకా ఇంజను నంబరుతోనే టైటిల్ (యాజమాన్య పత్రం) ఇచ్చాయి. తర్వాత ఇంజను మార్చి ఉంటే టైటిల్‌లోని సంఖ్యకు, ఇనుప పలక మీది సంఖ్యకు పొంతన ఉండదు, కస్టమ్స్ దగ్గర ఆగేది ఇలాంటి కారే. మంచి సంస్థ డబ్బు కట్టించుకునే ముందే పలక, ఛాసిస్ మీద కొట్టిన ముద్ర, టైటిల్ మూడింటి ఫొటోలు అడుగుతుంది. బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ వంటి చోట్ల నుంచి తయారీ పత్రం తెప్పించమంటుంది. ఆ పత్రంలోని తేదీ అలంకారానికి కాదు. అమెరికాలో భద్రతా ప్రమాణాల మినహాయింపు 25 ఏళ్లకు, అదీ తయారైన నెల నుంచి లెక్క, మోడల్ సంవత్సరం నుంచి కాదు. కాలుష్య ప్రమాణాల మినహాయింపు 21 ఏళ్లకు, ఇంజను అసలు రూపంలో ఉంటేనే. కెనడాలో భద్రతా ప్రమాణాల మినహాయింపు 15 ఏళ్లకు. ఐరోపా సమాఖ్యలో 30 ఏళ్లు దాటి, అసలు స్థితిలో ఉండి, ఆ మోడల్ తయారీ ఆగిపోయి ఉంటే కస్టమ్స్ సుంకాల పట్టికలో మామూలు కార్ల 8703 శీర్షిక బదులు సేకరణ వస్తువుల 9705 కింద దిగుమతి చేయొచ్చు, సుంకం ఉండదు. మార్పులు చేసిన ఇంజను, కొత్త గేర్‌బాక్సు పెట్టిన కారును ఆ శీర్షిక కింద చూపించమని సలహా ఇచ్చే ఏజెంటు మీకు మేలు చేయడం లేదు. జరిమానా పడేది దిగుమతిదారు పేరు మీద.

ఆస్ట్రేలియాకు వెళ్లే కార్లకు రెండు ప్రత్యేక గండాలున్నాయి. 2003 డిసెంబరు 31 నుంచి అక్కడ ఆస్బెస్టాస్ పూర్తిగా నిషేధం, దిగుమతికి కూడా. పాత బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లలో అది ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఓడ ఎక్కకముందే మార్పించి, రుజువులు దగ్గర పెట్టుకోవాలి. రెండోది బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్ అనే పురుగు. అది ఉన్న దేశాల నుంచి సెప్టెంబరు 1, ఏప్రిల్ 30 మధ్య ఓడెక్కే కార్లకు శుద్ధి తప్పనిసరి. 56 డిగ్రీల వేడిలో అరగంట, లేదా విషవాయువు. ఇక్కడ సంస్థను నిలదీసి అడగాల్సిన ప్రశ్న: ఏ వాయువు? మిథైల్ బ్రోమైడ్ తగిలితే ఫోమ్ రబ్బరు, సీట్లలో కూరిన గుర్రపు వెంట్రుకలు, తోలు దుర్వాసన పట్టేస్తాయి, అది వదలదు. పాత కారు సీటులో ఉండేవి సరిగ్గా అవే. సల్ఫ్యూరిల్ ఫ్లోరైడ్ కోరుకోండి.

బీమా దగ్గర ఎవరూ పొదుపు చేయకూడదు. సీఐఎఫ్ ధరకు (సరుకు ధర, బీమా, కిరాయి కలిపి) కొన్నప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకందారు ఇవ్వాల్సిన బీమా, సరుకు బీమాలో వాడే ప్రామాణిక షరతులైన ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజుల్లో అన్నిటికన్నా పలచనిదైన 'సీ' మాత్రమే. దొంగతనం అందులో లేదు. 'ఏ' క్లాజు, ముందే ఒప్పుకున్న విలువతో ఉన్న పాలసీ తీసుకోవాలి. ఓడ సంస్థే చూసుకుంటుందిలే అనుకుంటే, ఓడ సరుకు బాధ్యతకు సంబంధించిన అంతర్జాతీయ హేగ్-విస్బీ నియమాల కింద దాని బాధ్యత ఒక ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్) లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. 1,200 కిలోల కారుకు 2,400 ఎస్‌డీఆర్ దగ్గర ఆగిపోతుంది, కారు ఎంత అరుదైనదైనా సరే. 2022 ఫిబ్రవరిలో అజోర్స్ దగ్గర ఫెలిసిటీ ఏస్ అనే కార్ల ఓడ మంటల్లో చిక్కి మార్చి 1న మునిగింది; దానిలో సుమారు 4,000 కార్లు. మునగకపోయినా ఖర్చు తగలొచ్చు. 2021 మార్చిలో సూయెజ్ కాలువలో ఎవర్ గివెన్ ఇరుక్కున్నాక జనరల్ యావరేజ్ ప్రకటించారు, అంటే ఓడను కాపాడిన ఖర్చును సరుకు యజమానులంతా పంచుకోవాలి. బీమా ఉంటే ఆ హామీ బీమా సంస్థ రాసిస్తుంది. లేకపోతే నగదు డిపాజిట్ కట్టేదాకా కారు విడుదల కాదు.

లెక్క తేల్చాలంటే ఐదుకు సొంత కంటైనర్‌కు నాలుగున్నర, తగిన కారుకు రోరో మూడున్నర, ఉక్కు ర్యాకులు, ట్రేలు, రుసుముల పట్టిక చూపించే ఉమ్మడి కంటైనర్‌కు మూడు. అవి చూపించకపోతే ఒకటే.

కంటైనర్‌లో కారు చేరినరోజు పెట్టె సీలు నంబరును బిల్ ఆఫ్ లేడింగ్‌తో పోల్చి చూశాకే కోయించండి. స్ట్రాపులు విప్పకముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. గీత కనిపిస్తే డెలివరీ రసీదు మీదే రాయాలి. పైకి కనపడని నష్టానికి మూడు రోజుల్లోపు రాతపూర్వక నోటీసు వెళ్లాలి, దావాకు గడువు ఏడాది. కారును ర్యాంపు మీదికి కదిలించే ముందు బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడిందో లేదో చూడండి. నెలల తరబడి కదలని వీల్ సిలిండర్లు లీకవడం మామూలే. పెడల్ మెత్తగా దిగిపోతే వించి తాడుతోనే దించమనండి.