నల్గొండల ఫ్రిజ్, టీవీ కొనేటోళ్లు జర చూస్కోండ్రి, వారంటీ పైసలు ఎవరి నంబర్‌కు పోతున్నయో

అన్నలు, అక్కలు, నాకైనట్టు మీకు కావొద్దని రాస్తున్న, పొడుగైతది, ఓపికుంటే సదువుండ్రి.

పోయిన ఏడు ఉగాదికి క్లాక్ టవర్ దిక్కు ఒక పెద్ద షోరూంల డబుల్ డోర్ ఫ్రిజ్ తీసుకున్న, 31,500. బిల్లు కట్టుడు అయిపోయింది, బయట ట్రాలీ ఆటో మాట్లాడుతున్న, గప్పుడు మాకు ఫ్రిజ్ చూపెట్టిన పిలగాడే ఉరుక్కుంట వచ్చిండు. "అన్నా, కంపెనీ వారంటీ ఒక్క ఏడాదే, ఇంకో మూడేండ్లు పెంచాల్నంటే కౌంటర్ల 3,200, నేను స్టాఫ్ స్కీంల వేస్త, 2,400 ఇయ్యి" అన్నడు. ఫోన్ తీసి క్యూఆర్ చూపెట్టిండు. స్కాన్ చేస్తే షాపు పేరు రాలే, మనిషి పేరు వచ్చింది. చూసిన. చూసి కూడ కొట్టిన. ఎనిమిది వందలు మిగులుతున్నయి గదా అని ఆశ, దాచేదేముంది. విజిటింగ్ కార్డు వెనక పెన్నుతోని 1+3 అని రాసి గీకినట్టు ఒక సంతకం పెట్టిచ్చిండు, మా ఇంటామె ఆ కార్డును పోపుల డబ్బా కింద భద్రంగ దాచింది.

మొన్న మేల ఎండలు దంచుతుంటే ఫ్రిజ్ బంద్. లోపట లైటు వెలుగుతది, చల్లదనం లేదు, పెరుగు పులిసి పొంగింది. మెకానిక్ వచ్చి ఫ్రిజ్ సర్క్యూట్ బోర్డు పోయిందన్నడు. కంప్రెసర్‌కు 10 ఏండ్లు ఉన్నది గని బోర్డుకు ఏడాదే. కస్టమర్ కేర్‌కు కొడితే సీరియల్ నంబర్ అడిగి, "సార్, దీని మీద ఎక్స్‌టెండెడ్ ప్లాన్ ఏదీ లేదు" అన్నరు. బోర్డుకు 4,600 పడ్డయి.

షాపుకు పోతే ఆ పిలగాడు మానేసి నాలుగు నెలలైందట. సేటేమో "పైసలు నా అకౌంట్ల పడ్డయా? లేదు గదా" అని నన్నే అడిగిండు.

ఇంటికొచ్చినంక కోపం ఆగలే. వాని డీపీ ఉంది, పూర్తి పేరు ఉంది, నంబర్ ఉంది. మా బావ "అన్నీ పెట్టి గ్రూపులల్ల తిప్పు, సిగ్గొస్తది" అన్నడు, టైప్ కూడ చేసిన. ఫోటో ఎక్కిస్తుంటే గ్యాస్ పిలగాడు యాదికొచ్చిండు. రెండేండ్ల కింద మా బస్తీల సిలిండర్ల గ్యాస్ తీస్తున్నడని ఒకాయన ఫోటో "దొంగ" అని తిరిగింది, తీరా చూస్తే గదే పేరున్న ఇంకో ఆయనది, తప్పు చేసినోడు వేరే. పోస్టు పెట్టినామె తీసేసింది గని అప్పటికే వెయ్యి చేతులు మారింది, వాళ్ల నాయిన కిరాణం కాడికి పోతే కూడ "ఏందే, నీ కొడుకట" అని అడిగేటోళ్లు. దాన్ని ముందుకు తోసినోళ్లల్ల నేను కూడ ఉన్న.

ఈ పిలగాడు పైసలు తీసుకున్నడు, అండ్ల డౌట్ లేదు. కానీ ఒక్కడే తిన్నడా, ఫ్లోర్ మేనేజర్‌కు వాటా పోయిందా, అది నాకు తెల్వది. వాని ఫోటో పెట్టిననుకో, అందరికంటే ఎక్కువ ఖుషీ అయ్యేది సేటే. "వాడు దొంగ, తీసేసినం, మా షాపు మంచిది" అని చేతులు కడుక్కుంటడు. షాపు టీషర్ట్ ఏసుకొని, షాపు ముంగట, షాపు సామాన్ మీద పైసలు తీసుకున్నోని పనికి షాపు జవాబు చెప్పొద్దా?

కేసు భయం కూడ ఉన్నది, అబద్ధమెందుకు. భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్ల పరువు నష్టానికి రెండేండ్ల దాక జైలు ఉంది. నిజమైన మాట జనం మంచికి చెప్తే తప్పు కాదని అండ్లనే మినహాయింపు ఉన్నది, కానీ అది నిజమని చూపెట్టుకుంట కోర్టు చుట్టు తిరిగేది మనమే.

మా చెల్లె మాత్రం "నువ్వు పేరు చెప్పకపోతే రేపు ఇంకో షాపుల చేరి ఇదే పని చేస్తడు" అంటది. చేస్తడేమో. దానికి నా కాడ గట్టి జవాబు లేదు. నేను పేరు చెప్పాల్సిన కాడ చెప్పిన: వాని పేరు, నంబర్, పైసలు కొట్టినప్పుడు ఫోన్ల వచ్చే యూటీఆర్ (లావాదేవీ) నంబర్, కార్డు ఫోటో అన్నీ పెట్టి సేటుకు కాయితం రాసిచ్చిన, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ల కంప్లైంట్ వేసిన. తొమ్మిది రోజులకు షాపు నుంచే ఫోన్ వచ్చింది, 2,400 వాపస్ ఇచ్చిండ్రు. బోర్డు పైసల లొల్లి ఇంకా నడుస్తున్నది, ఇయ్యకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ల వేస్త. 5 లక్షల లోపు కొన్న సామానైతే ఫీజు లేదు, వకీలు లేకుంటనే వేసుకోవచ్చు, కాకపోతే రెండేండ్ల లోపల వెయ్యాలె.

ఇది ఒక్క షాపుల జరిగేదని అనుకోకుండ్రి, అందుకే మోసం చేసే తీరు చెప్తున్న, పేరు కాదు. క్యూఆర్ కొడితే మనిషి పేరొస్తే ఆగుండ్రి. వారంటీ ప్లాన్ బిల్లుల ఒక లైన్ లెక్క పడాలె, దాని నంబర్ ఉండాలె, కార్డు వెనక రాత చెల్లదు.

ఇప్పటికే గిట్ల ఎవరి సొంత నంబర్‌కన్న కొట్టినోళ్లుంటే, పాడయ్యేదాక ఆగకుండ్రి, ఇయ్యాలనే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ప్లాన్ ఉన్నదా లేదా అడుగుండ్రి. సీరియల్ నంబర్ అడుగుతరు, మా దానికైతే తలుపు తీసినంక లోపట ఎడమ గోడకు, కూరగాయల డబ్బా పక్కన స్టిక్కర్ మీద ఉండె, టార్చ్ పెడితే గని కనపడలే.