క్షమించడానికీ నిర్దోషి అనడానికీ తేడా చూపని నిఘంటువు యాప్

ఎనిమిది నెలలుగా నేను వాడుతున్న ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు యాప్ ఇది. కోర్టు తీర్పులు, శాఖాపరమైన విచారణ నివేదికలు తెలుగులోకి అనువదించడం నా పని. ఐదు నక్షత్రాలకు రెండు ఇస్తున్నాను. ఆ రెండూ మనస్ఫూర్తిగానే ఇస్తున్నాను. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, వెతికిన పదం వెంటనే దొరుకుతుంది, అక్షరాలు పెద్దవి, ఒత్తులు చెదరవు. మిగిలిన మూడూ ఒక్క మాట దగ్గర పోయాయి.

పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి తన విచారణ నివేదిక తెచ్చారు. స్టోరులో సరుకు లెక్క తేలలేదని ఆయనపై అభియోగం. విచారణ మూడేళ్లు సాగింది. చివరి పేరాలో ‘ఎగ్జానరేటెడ్’ అని ఉంది. తొందరలో యాప్ చూపిన మొదటి అర్థాన్నే తీసుకుని ‘ఆరోపణల నుంచి క్షమించబడ్డారు’ అని రాసి ఇచ్చాను. ఆయన ఆ వాక్యం కింద వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నారు. “నేను ఏ తప్పూ చేయలేదని కదా అమ్మా వాళ్లు తేల్చింది? మరి క్షమించడమేమిటి?” అన్నారు.

నా దగ్గర జవాబు లేకపోయింది. తప్పు జరిగిన చోటే క్షమకు పని. ‘క్షమించారు’ అన్నామంటే తప్పు చేశాడని చెప్పినట్టే. ఎగ్జానరేట్‌కు మూలమైన లాటిన్ మాట ‘ఓనస్’కు బరువు అని అర్థం. నెత్తిన ఉన్న బరువు దించాల్సిన మాటతో నేను ఆయనకు మరో బరువు ఎత్తాను.

ఆ రాత్రి కూర్చుని ఈ కోవకు చెందిన పదాలన్నీ యాప్‌లో చూశాను. అక్విట్: విడుదల చేయు. డిశ్చార్జ్: విడుదల చేయు. అబ్సాల్వ్: క్షమించు, విడుదల చేయు. పార్డన్: క్షమించు. విండికేట్: సమర్థించు. అంతే!

బెయిలు మీద బయటికి వచ్చినవాడూ విడుదలైనట్టే, శిక్ష ముగిసినవాడూ విడుదలైనట్టే. అది జైలు తలుపుకు సంబంధించిన మాట, నిందకు సంబంధించినది కాదు. అందుకే పత్రికలు ‘నిర్దోషిగా విడుదల’ అని రాస్తాయి. అక్కడ ‘నిర్దోషిగా’ తీసేస్తే వార్తే మారిపోతుంది.

డిశ్చార్జికీ అక్విటల్‌కూ ఒకే అర్థం ఇవ్వడం మరీ ప్రమాదం. అభియోగాలు మోపడానికి తగిన ఆధారం లేదనుకుంటే కోర్టు నిందితుణ్ణి డిశ్చార్జి చేస్తుంది. అక్కడ సాక్షుల విచారణ దాకా వెళ్లదు, కొత్త ఆధారం దొరికితే కేసు మళ్లీ రావచ్చు. నిర్దోషి అన్న తీర్పు, అంటే అక్విటల్, వస్తే మాత్రం, అది నిలిచి ఉన్నంతకాలం అదే నేరానికి మళ్లీ విచారించకూడదు. నేర విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 337వ సెక్షన్ వివరణలో, డిశ్చార్జి అంటే అక్విటల్ కాదని స్పష్టంగా ఉంది. పాత చట్టంలో ఇది 300వ సెక్షన్. యాప్‌ను నమ్ముకుని డిశ్చార్జిని ‘నిర్దోషిగా విడుదల’ అని రాస్తే, కేసు తిరిగి రాదని ఆ మనిషి గుండె మీద చేయి వేసుకుని నిద్రపోతాడు.

నిర్దోషుల్లోనూ తేడాలున్నాయి. ఒకరు సంశయ లాభం కింద, అంటే నేరం చేశాడా లేదా అన్న అనుమానం తీరనందువల్ల, బయటపడతారు, మరొకరు మచ్చ లేకుండా బయటపడతారు. తమిళనాడుకు చెందిన ఒక పోలీసు ఉద్యోగి కేసులో 2012లో సుప్రీంకోర్టు ఈ సంగతే మాట్లాడింది. ‘గౌరవప్రదంగా నిర్దోషి’ అన్న మాట చట్టంలో లేదనీ, తీర్పుల్లో పుట్టిందనీ చెప్పింది. సాక్ష్యాలన్నీ పరిశీలించాక ప్రాసిక్యూషన్ పూర్తిగా విఫలమైందని తేలిన సందర్భానికి ఆ మాట వర్తించవచ్చని అన్నది. ఉద్యోగం తిరిగి రావడం, రాకపోవడం ఆ తేడా మీద ఆధారపడవచ్చు.

విండికేట్‌కు ‘సమర్థించు’ అన్న అర్థం ఉంది, కాదనను. కానీ నింద పడ్డ మనిషి విషయంలో అది చాలదు. మన భాషలో నీలాపనింద అనే మాట ఉండనే ఉంది. కృష్ణుడు శమంతకమణిని వెతికి తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించాకే ఆ నింద పోయింది. ఆయన్ని ఎవరూ క్షమించలేదు, ఆయనే నింద బాపుకున్నాడు. ‘కడిగిన ముత్యంలా బయటపడ్డాడు’ అని వాడుకలో ఎంత చక్కగా అంటాం! అది ఈ యాప్‌లో ఎక్కడా లేదు. రోజూ పేపర్లో కనిపించే ‘క్లీన్ చిట్’ కూడా లేదు.

ఆ పెద్దాయనకు కాగితం మార్చి ఇచ్చాను: ‘మోపిన అభియోగాలేవీ రుజువు కాలేదు. ఈయన నిర్దోషి అని విచారణాధికారి నిర్ధారించారు.’ ఈసారి ఆయన ఒక్కసారే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

యాప్‌ వాళ్లకు ఎగ్జానరేట్‌తో కలిపి ఈ ఆరు పదాలకూ అర్థాలు, ఉదాహరణ వాక్యాలు రాసి పంపాను. అందాయని జవాబు వచ్చింది. మూడు వారాలైంది, ఎగ్జానరేట్ దగ్గర ఇంకా ‘క్షమించు’ అనే ఉంది. మార్చిన రోజున నక్షత్రాలూ మారుస్తాను.