మేడ్చల్ దారిలోని హోమ్‌కు అయిదుకు మూడున్నర

ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరికి చిల్లర బాకీ ఉన్నాను అన్నదే ఇన్నేళ్ళూ నా లెక్క. తాగుడు మాన్పించే ఈ హోమ్‌ను కూడా ఆ కళ్ళతోనే చూశాను. సుచిత్ర, కొంపల్లి దాటాక మేడ్చల్ దారిలో బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. ఒక చిన్న క్రైస్తవ సంఘం పాస్టరు గారు నడుపుతున్నారు. తాగుడు మానలేని వాళ్ళు, ఇల్లూ వాకిలీ పోయి ఫుట్‌పాత్ మీద పడుకునే వాళ్ళు కలిసి నేను వెళ్ళిన రోజు 42 మంది ఉన్నారు. పేరు రాయడం లేదు. లోపల ఉన్న కొందరి ఆచూకీ అప్పులవాళ్ళకు తెలియకూడదు. ఇలాంటి చోటు వెతుక్కునే వాళ్ళు ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పడానికే ఇదంతా.

చేర్చింది మా బావమరిదిని. పెయింటరు. పగలంతా పుట్టీ, రంగులు. పొద్దు వాలితే కల్లు కాంపౌండు. సారా కాదు, బ్రాందీ కాదు, కల్లే కదా అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నాం. నగరంలో అమ్మే కల్లులో చెట్టు వాటా ఎంతో ఆ చెట్టుకే తెలియాలి. ఆల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారని ఆబ్కారీ దాడుల వార్తల్లో ఏళ్ళ తరబడి చదువుతూనే ఉన్నాం. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు కూడా. అంటే మావాడు తాగింది కల్లు కాదు, నిద్రమాత్రల నీళ్ళు. పని పోయింది, భార్య పుట్టింటికి వెళ్ళింది, అద్దె గది తాళం మారింది. చివరికి సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట, మూసిన దుకాణం మెట్ల మీద కనిపించాడు. అట్ట ముక్క మీద పడుకుని ఉన్నాడు. తల కింద చెప్పులు. "బావా, నువ్వా?" అన్నాడు, నేనేదో దారి తప్పి అక్కడికి వచ్చినట్లు.

ముందు వేరే చోట చేర్చాం. అక్కడ మందుల మాటే లేదు. "విశ్వాసం ఉంటే చాలు, మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేస్తే దయ్యం వదులుతుంది" అన్నారు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చాయి. నాలుక కొరుక్కున్నాడు. ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డ్యూటీ డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు, ఆ మాత్రలకు అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుందని. మెట్లు దిగినట్లు మోతాదు తగ్గించుకుంటూ రావాలట. మేడ మీది నుంచి తోసేసినా కిందికే చేరతాడు కదా అన్న తీరుగా మేము చేశాం.

అందుకే మేడ్చల్ దారిలోని ఈ హోమ్‌కు వెళ్ళినప్పుడు నా గుండె గుప్పిట్లో ఉంది. గేటు దగ్గర "వందనాలు అయ్యగారూ" అంటూ వచ్చిన వార్డెను, అందరూ అతన్ని బ్రదర్ అంటారు, ముందు డబ్బు సంగతి ఎత్తలేదు. ఏమి తాగుతాడు, రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు, ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపిస్తున్నాయా, వినిపిస్తున్నాయా అని వరుసగా అడిగి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఒక మార్కు అక్కడే వేసేశాను. మంగళ, శుక్రవారాల్లో సైకియాట్రిస్టు వస్తారు. నర్సమ్మ రోజూ ఉంటుంది. మాత్రలు ఆమె చేతి మీదుగానే, మింగి నోరు తెరిచి చూపించాలి. బ్రాందీ, విస్కీ వాళ్ళకు బీ1 విటమిన్ సూదులు కూడా వేస్తారు. ఫిట్స్ వచ్చి, మతి తప్పి, ఒళ్ళు కాలిపోయే పరిస్థితి అయితే తమ దగ్గర పెట్టుకోకుండా పెద్దాసుపత్రికి పంపుతారు. తమ చేతిలో లేనిదేదో తెలిసిన వాళ్ళు అన్నమాట.

ఆ డాక్టరు గారికి మా ఆవిడ సంచిలోంచి ఒక పొట్లం తీసి చూపించింది. "కూరలో కలిపితే తాగుడు మానేస్తారు" అని ఎవరో అమ్మిన పొడి. నాకే తెలియదు! ఆయన దాన్ని చెత్తబుట్టలో వేసి, "తాగితే ఒంటికి పడకుండా చేసే మందు ఉన్న మాట నిజమే అమ్మా. కానీ అది రోగికి తెలిసి, ఒప్పుకుని, పరీక్షలు చేయించుకుని వేసుకోవాల్సింది. తెలియక దాని మీద తాగితే గుండెకు ప్రమాదం" అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఆమె మాట్లాడలేదు.

మొదటి పది రోజులు చూడలేకపోయాం. చేతులు వణుకు, నిద్ర లేదు, గోడ మీద చీమలు పాకుతున్నాయంటాడు. నాకు గుర్తుండిపోయింది మాత్రం చెప్పులు. చేరిన రోజే కొత్త జత ఇచ్చి, వెనుక మడమ దగ్గర రంగుతో 27 అని నంబరు వేశారు. హాలు గుమ్మం దగ్గర అందరి చెప్పులూ వరుసగా ఉంటాయి. మావాడివి ఉండవు. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. ఫుట్‌పాత్ మీద చెప్పులు పోతే మళ్ళీ దొరకవు కదా. బ్రదర్ తిట్టలేదు, లాక్కోలేదు, "మట్టి దులిపి పెట్టుకో" అన్నాడంతే. ఆరో వారం ఆదివారం మేము వెళ్ళేసరికి 25, 26, 28 పక్కన 27 కూడా ఉంది.

ఇక మతం సంగతి. మాది వెంకటేశ్వరస్వామి ఫోటోకు శనివారం కొబ్బరికాయ కొట్టే ఇల్లు. తెల్లవారుజామున అయిదున్నరకు గంట, ఢోలక్, కంజీర పెట్టి పాటలు, తర్వాత వాక్యం. సాయంత్రం సాక్ష్యాలు, అంటే దేవుడు తమను ఎలా మార్చాడో ఒక్కొక్కరూ లేచి చెప్పడం. కూర్చోవాలి, కానీ పాడాలని లేదు. సాక్ష్యం చెప్పమని మావాడిని రెండు నెలలు ఎవరూ అడగలేదు. బాప్తిస్మం మాట వాడు తనంతట తానే ఎత్తితే పాస్టరు గారు "ముందు ఆరు నెలలు బయట నిలబడు, తర్వాత చూద్దాం" అన్నారట. ఈ మాట విన్నాక ఆయన మీద గౌరవం పెరిగింది. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ మాత్రం వారానికి రెండుసార్లు తప్పదు. మావాడికి కంఠతా వచ్చేసింది.

మిషనరీల పని నాకు కొత్తేమీ కాదు. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి మెదక్ రూటులో ఏళ్ళ తరబడి తిరిగాను. క్రిస్మస్‌కు ఆ బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండేది కాదు. అక్కడి పెద్ద చర్చిని పాస్నెట్ దొర 1914లో మొదలుపెట్టించి 1924 క్రిస్మస్ నాడు తెరిచారు. కరువు రోజుల్లో ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి తిండి పెట్టారని అక్కడి ముసలివాళ్ళు చెప్పేవారు. ఈ హోమ్‌లోనూ ఆ పద్ధతే. ఓపిక వచ్చిన వాళ్ళు వంట, తోట, గేదెల పని చేస్తారు. మావాడి చేత భోజనాల గదికి రంగు వేయించారు. కూలి ఇవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది, పాస్టరు గారితో వాదన పెట్టుకున్నాను కూడా. "బావా, ఇటు రా" అని వాడు నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. నడుమెత్తున బోర్డరు పట్టీ. టేపు అంటించకుండా చేత్తో లాగిన గీత, ఈ మూల నుంచి ఆ మూల దాకా. ఒక్కచోట మాత్రం కొంచెం వంగింది. "అక్కడ భోజనం గంట కొట్టారు" అన్నాడు. కూలి ఇవ్వాల్సిందే అన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.

బుధవారాలు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) వాళ్ళు వచ్చి తెలుగులో మీటింగు పెడతారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్ళో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్ళే, ఒకరినొకరు నిలబెట్టుకుంటూ మొదలుపెట్టిన సంగమట. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. ప్రార్థనలో నోరు విప్పని మావాడు అక్కడ విప్పాడు.

కోసేసిన ఒకటిన్నర మార్కుల లెక్క చెప్పాలి. నెలకు 6,000 తీసుకున్నారు (ఇవ్వలేని వాళ్ళను అడగరు, సగం మంది ఉచితమే). మూడో నెలకు రసీదు లేదు. అడిగితే "కానుక కింద రాసుకున్నాం" అన్నారు. టికెట్టు చింపకుండా డబ్బు పుచ్చుకుంటే మా ఉద్యోగమే ఊడేది. పప్పులో పప్పు వెతుక్కోవాలి. రాత్రిపూట 42 మందికి ఒక్కడే వార్డెను. అన్నిటికంటే పెద్ద లోటు 90 రోజులూ అయ్యాక, 91వ రోజు. సంచి చేతికిచ్చి, ప్రార్థన చేసి, గేటు దాకా వచ్చి పంపారు. ఎక్కడ ఉండాలి, ఏ పని, ఆ కాంపౌండు ముందు నుంచి కాకుండా ఏ దారిన నడవాలి? వీటికి వాళ్ళ దగ్గర ఏర్పాటు లేదు. ఇల్లున్న వాడు ఇంటికి వస్తాడు. స్టేషన్ నుంచి వచ్చిన వాడు స్టేషన్‌కే పోతాడు.

మావాడు ఇంటికే వచ్చాడు. అయినా 19 రోజులకు లేబర్ అడ్డా నుంచి నేరుగా కాంపౌండుకు వెళ్ళాడు. మర్నాడు తనే హోమ్‌కు ఫోను చేసుకున్నాడు, మాకు కాదు. బ్రదర్ బండి మీద వచ్చి తీసుకెళ్ళాడు. ఒక్క మాట అనలేదు, రెండోసారి చేరిక రుసుము అడగలేదు. అదే నంబరు, 27. వాళ్ళకు నేను వేసిన మూడున్నరలో ఒకటి నిండుగా దీనికే. ఇప్పుడు బయటికి వచ్చి ఏడు నెలలైంది. మాతోనే ఉంటున్నాడు, వేరే దారిన పనికి వెళ్తున్నాడు.

మీ వాళ్ళను ఎక్కడ చేర్చినా డాక్టరు ఏ రోజుల్లో వస్తారో ముందు అడగండి. గదులు తిరిగి చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. గొలుసులతో కట్టేయడం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నేరం, "రోగి మంచికే" అన్నా సరే. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14446కు ఫోను చేయండి, ఉచితం. ఆధార్ పోగొట్టుకుని ఉంటే ముందే చెప్పండి. ఈ హోమ్ వాళ్ళు మావాడికి దగ్గరుండి మళ్ళీ తీయించారు. ఆదివారం మధ్యాహ్నం చూడనిస్తారు. అరటిపళ్ళు తీసుకెళ్తే అందరికీ సరిపడా తీసుకెళ్ళండి, మనవాడి ఒక్కడి చేతిలో పెడితే పక్క మంచం వాడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు.

నేను ఇప్పటికీ నెలకు 500 పంపుతున్నాను. రసీదు అడిగి తీసుకుంటున్నాను.