డార్ట్‌ఫర్డ్ నుంచి ఈలింగ్ దాకా: బ్లూస్ కుర్రాళ్ల దారిలో ఐదు రోజులు

లండన్‌లో పాత రాక్ సంగీతం పుట్టిన చోట్లు చూడ్డానికి వెళ్తున్నానంటే అందరూ నగరం నడిబొడ్డున ఉన్న సోహోలోనే గది తీసుకోమన్నారు. మొదటి రెండు రాత్రులు అక్కడే ఉన్నాను. మీరు మాత్రం ఆ పని చేయకండి. గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. కిటికీ తీస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్క భవనం గోడ. పొద్దున ఎనిమిదింటికి చేరుకుంటే మూడింటిదాకా తాళం చెవి ఇవ్వలేదు, పైగా సామాను పెట్టుకోనిచ్చినందుకు విడిగా డబ్బు తీసుకున్నారు. మూడో రోజు పొద్దున్నే పెట్టె సర్దుకుని ఈలింగ్‌కి మారిపోయాను. స్టేషన్‌కి పది నిమిషాల నడక, పాత ఇంట్లో పై గది, సోహోలో ఇచ్చినదాంట్లో దాదాపు సగం అద్దె. ఇంటావిడ కెటిల్, పాలు, చిన్న ఫ్రిజ్ అన్నీ అమర్చిపెట్టింది. ప్రశాంతంగా నిద్రపోయాను.

శివారులో ఉండటం డబ్బు కోసమే కాదు. అమెరికా నల్లజాతివాళ్ల బ్లూస్ సంగీతం బ్రిటన్‌లో ఊపందుకున్నది శివార్లలోనే. సోహోలో బ్లూస్ క్లబ్బు నడిపిన అలెక్సిస్ కార్నర్, సిరిల్ డేవీస్‌లకు ఆంప్లిఫయర్లు పెట్టి గట్టిగా వాయించుకునే చోటు నగరం నడిబొడ్డున దొరకలేదు. ఆ చోటు పడమటి కొసన ఉన్న ఈలింగ్‌లో దొరికింది. 1958లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ అమెరికా నుంచి వచ్చి ఇక్కడి క్రిస్ బార్బర్ జాజ్ బృందంతో ఎలక్ట్రిక్ గిటార్ వాయించినప్పటి నుంచి ఆ మోత వీళ్లను వదల్లేదు.

ఈలింగ్ బ్రాడ్‌వే స్టేషన్ బయటికొచ్చి రోడ్డు దాటగానే దుకాణాల మధ్య సన్నటి సందు, అందులో కిందికి దిగే మెట్లు. గోడకి ఒక ఫలకం. 1962 మార్చి 17న ఈ నేలమాళిగలోనే ఈలింగ్ క్లబ్ మొదలైంది. కార్నర్, డేవీస్‌ల బృందం పేరు బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్, డ్రమ్స్ మీద చార్లీ వాట్స్. ఏప్రిల్ 7న చెల్టన్‌హామ్ నుంచి వచ్చిన బ్రయన్ జోన్స్ వేదికెక్కి స్లైడ్ గిటార్ వాయిస్తుంటే, కింద నిలబడి నోరు తెరుచుకుని చూసినవాళ్లు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్. ఈ ముగ్గురూ, వాట్స్ తర్వాత కలిసి వాయించిన రోలింగ్ స్టోన్స్ బృందం కథ ఆ రాత్రి మలుపు తిరిగింది. తర్వాత క్రీమ్ అనే రాక్ బృందంలో కలిసి వాయించిన జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కూడా కార్నర్ బృందంలో పనిచేసి వెళ్లినవాళ్లే. జనం కిక్కిరిస్తే కప్పు మీంచి నీళ్లు కారేవట, వాయిద్యాలు తడవకుండా వేదికపైన గుడ్డ కట్టేవాళ్లట. నేను వెళ్లినప్పుడు తలుపు మూసి ఉంది. టికెట్టు లేదు, లోపల చూడ్డానికి ఏమీ లేదు. మా మేనల్లుడు అక్కడికి దగ్గర్లోనే ఎమ్మెస్సీ చేస్తున్నాడు. ఏడాదిగా రోజూ ఆ సందు పక్కనించే నడుస్తున్నాడట.

"ఏముంది మావయ్యా, మెట్లేగా?" అన్నాడు.

"ఈ మెట్లు దిగినోళ్లేరా మనం వినేదంతా మార్చేసింది" అన్నాను. వాడు ఫలకం ఫొటో తీసుకున్నాడు.

డేవీస్ గురించి వాడికి ఎక్కువసేపు చెప్పాను. ఆయన కారు డెంటింగ్ పనివాడు. పగలు రేకులు సరిచేసేవాడు, రాత్రి మౌత్ ఆర్గాన్ వాయించేవాడు. 1964 జనవరిలో, ముప్పై రెండేళ్లైనా నిండకుండా పోయాడు. ఆయన ముందు నిలబడి నేర్చుకున్న కుర్రాళ్లు ప్రపంచమంతా తిరిగారు, ఆయన పేరు మాత్రం గుర్తున్నవాళ్లు తక్కువ. నాకిది నిజంగా బాధ కలిగిస్తుంది.

అక్కణ్ణించి రైలెక్కితే రెండో స్టేషన్ హాన్‌వెల్. అక్స్‌బ్రిడ్జ్ రోడ్డులో జిమ్ మార్షల్ డ్రమ్ముల దుకాణం ఉండేది. దుకాణానికి వచ్చే గిటార్ కుర్రాళ్లు మోత చాలట్లేదని అడగ్గా అడగ్గా, 1962లో తన మనుషులతో తొలి మార్షల్ ఆంప్లిఫయర్ చేయించాడు. తర్వాత పేరుమోసిన గిటారిస్టులు పీట్ టౌన్షెండ్, రిచీ బ్లాక్‌మోర్ అక్కడి ఖాతాదార్లే. ఇప్పుడు మిగిలింది గోడ మీద ఫలకమే. ఇరవై నిమిషాలు చాలు. ఆకలేస్తే తర్వాతి స్టేషన్ సౌతాల్‌లో దిగండి, పరాఠాలు వేడివేడిగా దొరుకుతాయి. మన సాంబారన్నమే కావాలంటే మాత్రం తూర్పు కొసన ఈస్ట్‌హామ్ దాకా పోవాలి.

రిచ్‌మండ్‌కి ఈలింగ్ నుంచి 65 నంబరు బస్సు నేరుగా ఉంది. పై అంతస్తులో ముందు సీటు పట్టండి. రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న పాత స్టేషన్ హోటల్ వెనక గదిలో 1963లో జార్జియో గొమెల్‌స్కీ క్రాడాడీ క్లబ్ నడిపాడు. రోలింగ్ స్టోన్స్ అక్కడ వారం వారం వాయించేవాళ్లు, ఏప్రిల్‌లో ఒక రాత్రి బీటిల్స్ నలుగురూ చూడ్డానికి వచ్చారు. స్టోన్స్ వెళ్లిపోయాక ఆ క్లబ్బులో వాళ్ల స్థానం యార్డ్‌బర్డ్స్ అనే బృందానిది. గిటార్ దిగ్గజాలు ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్, జిమ్మీ పేజ్ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు ఆ ఒక్క బృందంలోనే గిటార్ పట్టారంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. భవనం ఉంది కానీ ఆ గది వాతావరణం లేదు. కాఫీ తాగి బయల్దేరాం.

ట్వికెన్‌హామ్‌కి మాత్రం సగం రోజు ఇవ్వండి. థేమ్స్ నది మధ్యలో ఈల్‌పై అనే చిన్న లంక. మన గోదావరి లంకలతో పోలిస్తే చాలా చిన్నది, ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే పావుగంట కూడా పట్టదు. 1957లో నడకవంతెన వేసేదాకా పడవే దిక్కు. ఆ లంక మీది పాత హోటల్లో ఆర్థర్ చిస్నాల్ కుర్రాళ్ల కోసం సంగీత క్లబ్బు నడిపాడు, సభ్యులకి పాస్‌పోర్టులాంటి కార్డులిచ్చేవాడు. 1971లో హోటల్ కాలిపోయింది. ఇప్పుడున్నవి ఇళ్లు, బొమ్మలేసేవాళ్ల షెడ్లు. దారి ఒకచోటికెళ్లి ఆగిపోతుంది, ఆ పైన సొంత స్థలం, దాటకండి. ఒడ్డున ట్వికెన్‌హామ్‌లో చిన్న మ్యూజియం ఉంది, ఈ యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి ముందు చూసుకుని వెళ్లండి. ఒకాయన మాతో దాదాపు గంటసేపు కబుర్లు చెప్పాడు. ఆ ముందురోజు సోహోలో ముప్పై మందితో ఒక సంగీత నడకకి డబ్బు కట్టాను. గైడు ఒక్క ప్రశ్నకీ ఆగలేదు, సగం మందికి మాట వినబడలేదు. ఈ పెద్దాయన చెప్పినదాంట్లో పదోవంతు కూడా అక్కడ దొరకలేదు.

నగరం మధ్యలో చూసి తీరాల్సింది ఒకటే, బ్రూక్ స్ట్రీట్. బాండ్ స్ట్రీట్ స్టేషన్‌కి దగ్గర. 25వ నంబరు ఇంట్లో స్వరకర్త హాండెల్ 1723 నుంచి 1759లో చనిపోయేదాకా ఉన్నాడు. పక్కనున్న 23వ నంబరు పై అంతస్తులో 1968, 69ల్లో అమెరికన్ గిటారిస్టు జిమి హెండ్రిక్స్ ఉన్నాడు. రెండు వందల ఏళ్ల తేడాతో ఒక గోడకి అటూ ఇటూ ఇద్దరు! హెండ్రిక్స్ పడకగదిని అప్పటి ఫొటోల ఆధారంగా మళ్లీ అమర్చారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మంచం కాదు, ఆయన రికార్డుల సేకరణ. అందులో మడ్డీ వాటర్స్ ఉన్నాడు, పక్కింటి హాండెల్ కూడా ఉన్నాడు. టికెట్టు కాస్త ఖరీదే, కానీ వంతుగా నిలబడి చూసే జనం లేరు, ఎవరూ తరమరు.

డెన్మార్క్ స్ట్రీట్ చూడకపోయినా నష్టం లేదు. 1964లో స్టోన్స్ తొలి ఆల్బం రికార్డు చేసిన రీజెంట్ సౌండ్ స్టూడియో ఇప్పుడు గిటార్ల కొట్టు. చుట్టూ అంతా కొత్త అద్దాల భవనాలు. సాయంత్రం ఖాళీ ఉంటే కింగ్లీ స్ట్రీట్‌లోని బ్లూస్ బార్‌కి వెళ్లండి. చాలా ఇరుకు, కూర్చునే చోటు దొరకాలంటే పెందలాడే చేరాలి. గిటార్ తీగ లాగితే ఆ కంపనం మన గ్లాసులో తెలుస్తుంది.

ఇంత తిరుగుడికీ చేతిలో ఉండాల్సింది మన బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డు ఒక్కటే, లండన్ రవాణావాళ్ల ఆయిస్టర్ కార్డు విడిగా కొనక్కర్లేదు. రోజుకి ఒక పరిమితి దాటి ఛార్జీ కోయకుండా దానికదే ఆపేస్తుంది. రైలు దిగి బయటికొచ్చేటప్పుడు కూడా తాకించడం మర్చిపోతే మాత్రం ఎక్కువ పడుతుంది. మన కార్డుకి విదేశీ లావాదేవీల రుసుము ఎంతో ముందే బ్యాంకులో కనుక్కోండి. 2022లో వచ్చిన ఎలిజబెత్ లైన్ అనే రైలు మార్గం ఈ యాత్రకి ప్రాణం. హీత్రూ నుంచి ఈలింగ్, హాన్‌వెల్, బాండ్ స్ట్రీట్ అన్నీ దాని మీదే. తూర్పున అబ్బీవుడ్‌లో దిగి ఇంకో రైలు మారితే డార్ట్‌ఫర్డ్. కార్డు అక్కడిదాకా పనిచేస్తుంది.

డార్ట్‌ఫర్డ్‌ని చివరి రోజుకి ఉంచుకున్నాను. ఊళ్లో 2023లో పెట్టిన జాగర్, రిచర్డ్స్ విగ్రహాలున్నాయి. మేం ఎక్కువసేపు ఉన్నది మాత్రం రైల్వేస్టేషన్ రెండో ప్లాట్‌ఫారం మీద. 1961 అక్టోబర్ 17న లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్తున్న జాగర్, సిడ్‌కప్ ఆర్ట్ కాలేజీకి వెళ్తున్న రిచర్డ్స్ ఇక్కడే ఎదురుపడ్డారు. చిన్నప్పుడు ఒకే బళ్లో చదివినవాళ్లే. జాగర్ చంకలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు. ఇంగ్లండ్ కొట్లలో దొరకనివాటిని అతను చికాగోలోని చెస్ రికార్డుల కంపెనీకి ఉత్తరం రాసి తెప్పించుకునేవాడు. ఇక్కడి ఫలకం మీద మొదట, స్టోన్స్‌ని పెట్టింది ఈ ఇద్దరే అన్నట్టు రాశారు. బృందాన్ని పెట్టింది బ్రయన్ జోన్స్ అని అందులో బేస్ గిటార్ వాయించిన బిల్ వైమన్ గట్టిగా చెప్పాక మాటలు మార్చారు. మంచి పని చేశారు.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, అట్ట చిరిగిన క్యాసెట్ ఒకటి దొరికిన రోజు సంగతి మేనల్లుడికి చెప్పాను. ఏ పాట ఎవరిదో తెలియక రెండేళ్లు అలాగే విన్నాను.

"జాగర్ అమెరికాకి డబ్బులు ఎలా పంపేవాడు మావయ్యా, ఉత్తరంలోనే పెట్టా?" అని అడిగాడు వాడు. ఐదు రోజుల్లో వాడంతట వాడు అడిగిన మొదటి ప్రశ్న. బెంచీ మీద కూర్చుని మాట్లాడుకుంటూ రెండు రైళ్లు వదిలేశాం. మూడోదెక్కి, అబ్బీవుడ్‌లో మారి, గంటంపావుకి ఈలింగ్‌లో దిగాం. వాడు ఇంటి వైపు తిరగలేదు, రోడ్డు దాటి మళ్లీ ఆ మెట్ల సందులోకి నడిచాడు.