కడపలో ఎండాకాలం చెరువుల ఫెలోషిప్: స్టైపెండ్ ఇస్తారు, పని కూడా నిజంగానే ఉంటుంది

ఎమ్మెస్సీ, ఎమ్మే చదివేటోళ్లు సెలవుల్లో చేసే పర్యావరణం ఫెలోషిప్ ఎట్లుంటుందని చానామంది అడుగుతాండారు, అందుకే అందరికీ కలిపి రాస్తాండా. నేను చేసింది కడపలో ఆఫీసు ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థది. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా, పని అంతా బద్వేలు, పోరుమామిళ్ల పక్క చెరువుల మీద. సంస్థ పేరు రాయట్లేదు, డబ్బుల విషయంలో వాళ్ల మీద నాకు కొంచెం కోపం ఉండాది, అది వాళ్లకు మెయిల్‌లో నేరుగానే చెప్పినా.

ముందు డబ్బు సంగతే. నెలకు 12,000 అన్నారు, అంతా ఇచ్చినారు. చానా చోట్ల ఇంటర్న్‌షిప్ అంటే సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపిస్తారు, కొన్ని చోట్ల మన దగ్గరే ఫీజు కట్టించుకుంటారు, అట్లయితే సెలవులొస్తానే బెంగళూరు పోయి ఏదో షాపులో చేసి పరీక్ష ఫీజు సంపాదించుకునే పిల్లోళ్లు ఈ పని వైపు ఎట్ల వస్తారు చెప్పండి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి స్టైపెండ్ లేకుంటే ఆ రెండు నెలలూ చీనీ తోటల్లో కూలికి పోయేది. చెరువు కింద ఆయకట్టు ఎంత తగ్గిపోయిందో సర్వే నంబర్లతో సహా ఆ పాప గీసిన మ్యాప్ చూసి ఊర్లో పెద్దోళ్లే నోరు తెరిచినారు. డబ్బులిచ్చే ఫెలోషిప్ కాబట్టే ఆ మ్యాప్ వచ్చింది, అది మాత్రం గట్టిగా చెప్తా.

కానీ పెట్రోల్, బస్సు ఛార్జీలు, ఊర్లో భోజనం ఇవన్నీ ముందు మనం పెట్టుకోవాల, బిల్లులిస్తే తర్వాత అకౌంట్లో వేస్తారు. ఆ "తర్వాత" అనేది కాలేజీ తెరిచి చానా దినాలకు వచ్చింది. పెట్రోల్ లీటర్ 110 దగ్గర్లో ఉంటే పోరుమామిళ్ల పక్క ఊర్లన్నీ బండి మీద తిరిగేదానికి స్టైపెండ్‌లో ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి. ఇంట్లో అడిగి తెచ్చుకోగలిగినోళ్లకు ఏం కాలే, అడగలేనోళ్లు అప్పు చేసినారు. ప్రయాణం ఖర్చు చేరిన రోజే అడ్వాన్స్‌గా ఇయ్యాల, ఇందులో ఇంకో మాట లేదు.

ఇంక పని. ఎండాకాలంలో చెరువుల మీద ఏం పని అని నన్ను కూడా అడిగినారు. అసలు మే నెలలోనే చెరువు లోపలంతా కనపడేది. తూము ఎంత లోతులో పూడిపోయిందో, మరవ (చెరువు నిండితే నీళ్లు బయటికి పోయే చోటు) రాళ్లు ఎక్కడ లేచిపోయినాయో, సర్కారు తుమ్మ ఎంత దూరం వచ్చిందో నీళ్లుంటే ఏం తెలుస్తుంది? మేం ఒక్కో చెరువుకు కట్ట పొడుగు, తూములు, మరవ, దాంట్లోకి నీళ్లొచ్చే వంకలు ఫోన్‌లో జీపీఎస్ పాయింట్లు పెట్టి, రాత్రికి ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇస్రో భువన్ ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూసేవాళ్లం. తెల్లారి అయిదుకే బయల్దేరాల, పదికల్లా నీడకు వచ్చేయాల, ఆ ఎండకు కట్ట మీద రాయి మీద చెయ్యి పెట్టలేం.

ఒక చెరువులో వంకను పట్టుకుని ఎగువకు నడుస్తా పోతే సగం దూరంలో దావే లేదు. తుమ్మ చెట్లు కమ్ముకుని ఉండాయి, వాటి మధ్య ఎవరో మట్టి పోసి బండ్లు పోయేదానికి దారి చేసుకున్నారు, కింద ఒక్క పైపు కూడా పెట్టలే. ఆ ఊరి ముసలి నీరుగట్టి (చెరువు నీళ్లు పొలాలకు వదిలేటాయన) అక్కడే నిలబడి చెప్పినాడు, "నీళ్లొచ్చే దావ మూసేసి చెరువు నిండలేదంటే ఎట్ల పాపా, పైవాడు కురిపించేది కురిపిస్తానే ఉండాడు" అని. మా రిపోర్టులో పేజీలకు పేజీలు ఉన్న విషయం ఆయన ఒక్క మాటలో తేల్చేసినాడు.

పోరుమామిళ్ల చెరువు చూపించినందుకే ఈ సంస్థకు సగం మార్కులు ఇస్తా. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూర కట్టించింది, శాసనం ఉంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేండ్లు పని జరిగినట్టు అందులో రాసినారు. ఇంకా గొప్ప సంగతి ఏందంటే, చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెప్పినారు. కట్ట కారడం, నేల చవుడుగా ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, నీళ్లు తక్కువై నేల ఎక్కువ ఉండడం, ఇట్లా. మా మెంటర్ సారు ఈ దోషాలన్నీ ఒక పేపర్ మీద రాసిచ్చి, మీరు పోయే ప్రతి చెరువులో వీటిని వెతకండి అన్నాడు. క్లాసులో వాటర్‌షెడ్ (వాన నీళ్లు ఒకే చోటికి చేరే నేలంతా) అని చదివింది నాకు అప్పుడే ఒంటికి పట్టింది.

బావుల్లో, బోర్లలో నీళ్ల మట్టం కొలవడం, ఫ్లోరైడ్ చూడడం కూడా నేర్పించినారు. కిట్‌లో చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగుకొస్తాయి, అది పసుపు వైపు తిరిగేకొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్నట్టు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. పరీక్ష చేస్తాంటే ఇంట్లో ఆడోళ్లంతా గ్లాసులు, చెంబులు పట్టుకుని చుట్టూ చేరేవాళ్లు, మాది చూడు మాది చూడు అని. మన జిల్లా రైతులకు ఇదేమీ కొత్త కాదు, ఇరవై ఏండ్ల కిందటే ఏపీఫాంగ్స్ అనే భూగర్భజలాల ప్రాజెక్టులో రైతులే బోరు మట్టం, వాన కొలిచి, ఉన్న నీళ్లను బట్టి పంట లెక్క వేసుకున్నారు.

లోపాలు. ఫెలోషిప్ జూన్‌లో అయిపోతుంది, మన పక్క వంకలు బాగా పారేది సెప్టెంబర్, అక్టోబర్‌లో. అప్పుడు ఒక వారం మళ్లీ పిలిచి దానికి కూడా డబ్బులిస్తే మేం గీసిన వంకల్లో నీళ్లు నిజంగా ఎటు పోతాయో చూసేవాళ్లం. ఇంకోటి, రిపోర్ట్ ఇంగ్లీషులోనే కావాలన్నారు. ఆ ఊరి సచివాలయం గోడకు అంటించేదానికి తెలుగులో రెండు పేజీలు రాస్తామంటే టైమ్ లేదన్నారు, మేం నలుగురం సొంతంగా కూర్చుని రాసిచ్చినాం. ఇది వాళ్ల పనిలోనే భాగం కావాల.

లంకమల అడవి పక్కనే కాబట్టి కలివికోడిని చూపిస్తారనుకుని అప్లై చేయొద్దండి. 1900 తర్వాత కనపడక, 1986లో మళ్లీ దొరికిన పిట్ట అది, ఈ ఫెలోషిప్‌కు దానికి సంబంధం లేదు. ల్యాబ్ పని ఇష్టమైతే బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్ సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ చూసుకోండి, అది కూడా రెండు నెలలే, స్టైపెండ్ ఉంటుంది, దానికి చలికాలానికి ముందే అప్లై చేయాల.

అమ్మాయిలకు రూమ్ బాగుంది, బద్వేలులో ఒక ఇంటి మేడ మీద, ఓనరక్క పొద్దున్నే సంగటి, చెనిక్కాయల ఊరిబిండి కట్టిచ్చేది. ఊర్లలో బాత్రూమ్ మాత్రం ఇబ్బందే, స్కూళ్లకు సెలవులు, తాళాలేసుంటాయి, అంగన్‌వాడీ టీచర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి.

అయిదుకు నాలుగు ఇస్తా. అప్లై చేసేటోళ్లు బోనఫైడ్, హెచ్‌వోడీ లెటర్, మీ సొంత పేరు మీద బ్యాంక్ అకౌంట్ రెడీగా పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ప్రయాణం ఖర్చు ముందే ఇస్తారా లేదా అని అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మా తర్వాత బ్యాచ్‌కు కొంత అడ్వాన్స్ ఇస్తామని మెయిల్‌కు జవాబు ఇచ్చినారు, ఇచ్చినారో లేదో ఈసారి చేరినోళ్లు కింద చెప్పండి.